పెదాలు కదిపినవాళ్ళు

పదకొండో భాగం

"అక్క తలుపు తీసిందా?"

"గడియ పెట్టుకోలేదు చిన్నత్తయ్యా. దగ్గరగా వేసుకున్నారంతే. కానీ తోసి లోపలికెళితే ఒక చూపు చూస్తారు చూడండి, దానికంటే గడియే నయం."

కోడలు కాఫీ గ్లాసు వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టింది. పైన మీగడ కట్టి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. సాయంత్రం అయిదింటికి బడి హాల్లో టీచరమ్మకి సన్మానం. ముప్పై ఒక్క ఏళ్ళు అదే బడిలో సంగీతం చెప్పిన మనిషి. ఆమె దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళు మూడొందల మంది వస్తున్నారు. సంగీతం గదికి ఆమె పేరు పెడుతున్నారు. చివర్లో, బడిలో రోజూ పొద్దున పాడిన పాటని అందరూ నిలబడి పాడతారు. టీచరమ్మ ఎదురుగా నిలబడి, వెనకటిలాగే చేత్తో నడిపించాలి.

టీచరమ్మ రానంటోంది. గురువారం సాయంత్రం సన్మాన సంచిక ఇంటికొచ్చింది. అది చదివిన దగ్గర్నుంచీ ఆ ఒక్క మాట తప్ప మరో మాట లేదు.

ఆమె చెల్లెలు నిన్ననే బస్సు దిగింది. ఇంట్లో అబ్బాయికి పిన్ని, కోడలికి చిన్నత్తయ్య. ముందు వరసలో కూర్చోవడానికని కొత్త చెప్పులు కొనుక్కుని వచ్చింది. అవి కరుస్తున్నాయి. ఆ మంట కూడా ఆమె మాటల్లో కలుస్తోంది.

"ఏరా, నువ్వన్నా చెప్పరాదూ. కన్నకొడుకువి."

టీచరమ్మ కొడుకు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఒక కళ్ళజోడు అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. అతనికి కళ్ళజోళ్ళ కొట్టుంది. ఇంటికి పని తెచ్చుకోవడం అలవాటు.

"చెప్పాను పిన్నీ."

"ఏమని?"

"నీ ఇష్టం అని."

"అది చెప్పడమా? అలా పక్కింటివాళ్ళకి చెబుతారు."

అతను అద్దం మీద నోటితో ఆవిరి ఊది మళ్ళీ తుడవసాగాడు.

"ఇంతకీ ఆ పేజీలో ఏముందో నాకెవరూ చెప్పరేం? వచ్చినప్పట్నుంచీ ఆ పేజీ, ఆ పేజీ అంటున్నారు. నా కళ్ళజోడు బస్సులో పోయింది. కళ్ళజోళ్ళ కొట్టున్న ఇంటికొచ్చి గుడ్డిదానిలా కూర్చున్నాను. చదివి వినిపించు అమ్మాయ్."

కోడలు మొగుడి వైపు చూసింది. అతను అద్దం వైపే చూస్తున్నాడు. ఆమె సంచిక తీసి, మూల మడిచి ఉన్న పేజీ విప్పింది.

"'నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పొద్దున పాట పాడుతుంటే టీచరమ్మ వరసల మధ్య నడిచేవారు. ప్రతి ఒక్కరి నోటి దగ్గరా చెవి పెట్టి వినేవారు. ఒకరోజు నా దగ్గర ఆగారు. నా భుజం మీద రెండు వేళ్ళతో రెండుసార్లు తట్టారు. అలా తడితే ఇక పెదాలు కదపాలి, గొంతు రాకూడదు అని అర్థం. అలా అని ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలుసు. ఆరేళ్ళు పెదాలు కదిపాను. ఒక్క మాట తప్పలేదు. ఇప్పటికీ అన్ని పాటల్లోనూ అన్ని మాటలూ వచ్చు. పాటల పోటీలో మా బడికి ఏటేటా కప్పు వచ్చింది. టీచరమ్మ ఆరోగ్యంగా ఉండాలి. నాకు ఫిర్యాదు ఏమీ లేదు.'"

"తర్వాత?"

"అంతే."

"పేరు?"

"లేదు."

పిన్ని కాసేపు ఆలోచించింది. "తిట్టలేదే."

"తిట్టలేదు."

"తిట్టి ఉంటే బాగుండేది. మనమూ తిట్టి పడేసేవాళ్ళం. ఆరోగ్యంగా ఉండమన్నవాణ్ణి ఏం చేస్తాం?"

టీచరమ్మ కంటే ముందు ఆ బడిలో ఒక సంగీతం మాస్టారుండేవాడు. స్వరం తప్పిన పిల్లల్ని చెవి పట్టుకుని వరసలోంచి లాగి, కుళాయి దగ్గర నిలబెట్టేవాడు. వచ్చేపోయేవాళ్ళందరూ చూసేవాళ్ళు. టీచరమ్మ వచ్చిన మొదటి వారంలోనే అది మానిపించింది. రెండు వేళ్ళు, రెండుసార్లు. పిల్లవాడు వరసలోనే ఉంటాడు, ఎవరికీ తెలియదు అనుకుంది. దయ అనుకునే చేసింది. దయగా చేసిన పని అవతలివాడికి దయగానే అందిందో లేదో కనుక్కునే తీరిక ఈ లోకంలో ఎవరికి ఉంటుంది?

గదిలోంచి గొంతు వినిపించింది. మూడు రోజుల తర్వాత రెండో మాట.

"నేనెవర్నయినా కొట్టానా? ఒక్క గట్టి మాటన్నా అన్నానా?"

పిన్ని లేచి, కుంటుకుంటూ వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"అనలేదక్కా. ఎవరన్నారు అన్నావని? అరవై పేజీలు నిన్ను ఆకాశానికెత్తారు. ఒక్కడెవడో ఒక్క పేజీ రాస్తే దాన్ని పట్టుకుని కూర్చుంటావా?"

"ఆ అరవై పేజీలూ చదువుతుంటే నిద్రొచ్చింది. ఆ పేజీతో ఉన్న నిద్ర కాస్తా ఎగిరిపోయింది."

"అయితే ఆ ఒక్కడి కోసం మిగతావాళ్ళందరినీ నిలబెట్టేస్తావా హాల్లో?"

"ఏ మొహం పెట్టుకుని చెయ్యి ఊపను? చివరి వరసల్లో పెదాలే కదుపుతుంటే నాకెలా తెలుస్తుంది? ఎవరు పాడుతున్నారో, ఎవరు నటిస్తున్నారో."

"ముప్పై ఏళ్ళూ అలాగే ఊపావుగా."

తాను అన్నది ఎటు తగిలిందో పిన్నికి ఆలస్యంగా అర్థమయింది. సర్దబోయింది.

"అందరికీ ఒకటే న్యాయం నీది. అది ఊరంతా ఒప్పుకుంటుంది."

"ఒప్పుకోక? ఆ ఏడు అందరికంటే ముందు నా సొంత కొడుకుని తట్టాను. వాడు బడిలో చేరిన మొదటి వారం. అందరూ చూస్తుండగా. ఈవిడకి పక్షపాతం లేదని తెలియాలని."

"అదే, నేనూ ఎక్కడికెళ్ళినా చెబుతుంటాను ఆ ముక్క."

కిటికీ దగ్గర గుడ్డ ఆగింది. మళ్ళీ కదలలేదు.

*

పదకొండు కావస్తుండగా బెల్లు వచ్చాడు.

అతనికి ప్రెస్సు ఉంది. సన్మానానికి పెద్ద అతనే, సంచిక అచ్చు వేసిందీ అతనే. టీచరమ్మ కొడుకూ అతనూ ఒకే తరగతి. బడిలో గంట కొట్టే పని అతనిదే కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు సొంత భార్య కూడా అలాగే పిలుస్తుందని చెప్పుకుని తనే నవ్వుతాడు.

చేతులకి సిరా మరకలతో లోపలికి వచ్చి, నిలబడే చెప్పాడు.

"చెల్లెమ్మా, టీచరమ్మకి ఒక మాట చెప్పు. ఆ పేజీ తీసేస్తానని. అన్ని కాపీలూ కుట్టేశాం, అయినా సరే. బ్లేడుతో కోస్తాను. నాలుగు గంటలకల్లా అయిపోతుంది."

"అయితే కొయ్యి. ఇంకా ఇక్కడ నిలబడ్డావేం?" అంది పిన్ని.

"ఒక్కటే చిక్కు పిన్నిగారూ. దారం కుట్టు కదా. ఒకే కాయితాన్ని మధ్యకి మడిచి కుడతాం. ఇటు పేజీ కోస్తే అటు పేజీకి పట్టుండదు, ఊడొస్తుంది."

"ఊడొస్తే రానీ. అటు పేజీలో ఏముంది?"

బెల్లు తల గోక్కున్నాడు. "టీచరమ్మ ఫోటో."

కోడలికి నవ్వు వచ్చింది. ఆపుకుంది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

టీచరమ్మ బయటికి వచ్చింది. పొట్టి మనిషి. డెబ్భై దాటినా నడుము వంగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల నోటి దగ్గరికి వంగి వంగి, మిగతా వేళల్లో పంతానికి నిటారుగా నిలబడేదని తోటి టీచర్లు అనుకునేవారు.

"ఏ పేజీ కొయ్యొద్దు. అది రాసిందెవరు?"

"పేరు లేదు టీచరమ్మా."

"చేత్తో రాసిన కాయితం ఉంటుందిగా. అది చూపించు. నా దగ్గర చదువుకున్నవాళ్ళ చేతిరాత నేను గుర్తుపడతాను."

"ఎక్కడో పడేసి ఉంటాను."

"నువ్వు పడెయ్యవు. బడిలో తప్పులు దిద్దుకున్న కాయితాలు కూడా దాచుకునేవాడివి."

బెల్లు చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. మాటలు నమిలాడు.

"రెండు డబ్బాలు పెట్టాం కదండీ, రాసినవాళ్ళు వచ్చి వెయ్యడానికి. ఒకటి నా ప్రెస్సులో. ఒకటి వీడి కొట్లో. ఇదేమో..."

అతని చూపు కిటికీ వైపు పోయింది. పోకూడదనుకుంటూనే పోయింది.

"వెతకొద్దులేరా," అన్నాడు టీచరమ్మ కొడుకు. "నేనే రాశాను."

పెరట్లో కుళాయి కింద బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఎవరూ లేవలేదు. చివరికి కోడలే వెళ్ళి కట్టేసి వచ్చింది.

"నువ్వా," అంది టీచరమ్మ.

"ఊఁ."

"నాకు చెప్పొచ్చుగా."

"ఎప్పుడు చెప్పను? భోజనాల దగ్గరా?"

"పేరు పెట్టొచ్చుగా అయినా."

"పేరు పెడితే కొడుకు రాసినట్టుంటుంది. అది రాసింది నీ కొడుకు కాదు. మూడో వరసలో అయిదోవాడు."

టీచరమ్మ కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది. కూర్చోలేదు.

"నీ గొంతు శ్రుతిలో నిలవలేదు. నేనేం చేసేది? నిలవనిదాన్ని నిలిచిందని అనేదా?"

"నేనలా రాయలేదే. ఫిర్యాదు లేదనే రాశాను."

"ఆ మాటే రాయకుండా ఉండాల్సింది."

"నిజంగానే లేదమ్మా." అతను కళ్ళజోడు మడిచి పెట్టెలో పెట్టాడు. "ఒక్కటి అడుగుతాను. ఆ ఆరేళ్ళలో మళ్ళీ ఒక్కసారన్నా విన్నావా నన్ను?"

"తట్టినవాళ్ళని మళ్ళీ వినను. నీకు తెలుసు. ఒకర్ని వింటే అందర్నీ వినాలి. నిన్ను వింటే, కొడుకు కదా అందుకని విన్నదంటారు."

"అంటారు. అందుకే నేనూ అడగలేదు."

బెల్లు ఇక ఆగలేకపోయాడు.

"నన్నూ తట్టారు కదా టీచరమ్మా. మర్నాడే గంట నా చేతికిచ్చారు. నేనెప్పుడన్నా బాధపడ్డానా? గంట దగ్గర నిలబడితే అసలు వరసలోనే ఉండక్కర్లేదు. పాట అయ్యేదాకా రోడ్డు మీద పోయే బళ్ళు చూస్తూ..."

మిగతాది నవ్వుగా మార్చబోయాడు. ఎవరూ కలవలేదు. ఎందుకు మొదలుపెట్టానా అన్నట్టు ఆగిపోయాడు.

టీచరమ్మ కొడుకు చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికండీ? ఆదివారం కదా," అంది కోడలు.

"ఒకాయనకి కళ్ళజోడివ్వాలి. సాయంత్రం ఆయనా ఆ హాలుకే. జోడు లేకపోతే వేదిక మీద ఎవరున్నారో కనిపించదట."

"మీరు రారా హాలుకి?"

"పని చూసుకుని చెబుతాను."

అతను మెట్లు దిగి వెళ్ళాడు. నాలుగింటికి కారు తెస్తానని, టీచరమ్మ వచ్చినా రాకపోయినా తెస్తానని చెప్పి బెల్లు కూడా వెళ్ళిపోయాడు.

*

మధ్యాహ్నం పిన్ని కునుకు తీసింది. కోడలు ఉతికిన బట్టలు మడత పెట్టుకుంటూ అత్తగారి గదిలోనే కూర్చుంది. పిలవకపోయినా వచ్చింది. పొమ్మనలేదు కాబట్టి ఉంది.

ఈ ఇంట్లో రోజూ దీపం వేళకి అందరూ కూర్చుని ప్రార్థన చేస్తారు. టీచరమ్మ పాడుతుంది, కోడలు కలుపుతుంది. అతని పెదాలు మాత్రమే కదులుతాయి. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు కోడలు, ఈయనది లోలోపలి భక్తి కాబోలు అనుకుంది. తర్వాత తర్వాత, భక్తి లేదేమో అనుకుంది. పెదాలతో చేసిన ప్రార్థన దేవుడికి చేరదని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. చేరుతుందనే నమ్మాలి. పక్కన కూర్చున్న మనిషికి మాత్రం అది వినపడదు.

"అత్తయ్యా, ఒక మాట చెబుతాను. కోప్పడకండి."

"కోప్పడే ఓపిక ఉందా నాకు?"

"ఆయన పాడతారు."

టీచరమ్మ తల తిప్పింది.

"కొట్లో. నేను మా ల్యాబు నుంచి మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి వెళతానుగా. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను తిరుగుతుంటుంది. చేతిలో అద్దం ఉండదు. ఉత్త చక్రం అలా తిరుగుతుంటుంది, ఆయన పాడుతుంటారు. నన్ను చూస్తే ఆపేస్తారు. అందుకని నేను బయటే కాసేపు నిలబడి, తర్వాత చెప్పులు చప్పుడు చేసుకుంటూ వెళతాను."

"ఎన్నాళ్ళుగా?"

"పెళ్ళయిన రెండో నెల నుంచి."

"పదహారేళ్ళు."

"ఊఁ."

"నాకెందుకు చెప్పలేదే?"

కోడలు ఒక తువ్వాలు మడత విప్పి, మళ్ళీ అదే మడత వేసింది.

"మీరు సంగీతం టీచరు. చెబితే వినాలంటారు. వింటే ఏదో ఒకటి తేలుస్తారు. ఆయనకి అదొక్కటే ఉంది. తేల్చకపోతేనే బాగుంటుందనిపించింది."

గోడకి ఆనించి ఉన్న హార్మోనియం పెట్టె మీద దుమ్ము లేదు. అయినా టీచరమ్మ చేత్తో తుడిచింది.

"ఏం పాడతాడు?"

"బడిలో పొద్దున పాట. ఎప్పుడూ అదే."

"నిలుస్తుందా గొంతు?"

"నాకేం తెలుసత్తయ్యా. నాకు తెలిసింది రక్తపరీక్ష. అందులో ఎక్కువా తక్కువా చెప్పడానికి కాయితం మీద అంకెలుంటాయి. ఇందులో నాకు వినడానికి బాగుంటుందని మాత్రం తెలుసు."

గడియారం మూడున్నర చూపిస్తోంది. టీచరమ్మ లేచింది.

"ఇస్త్రీ బట్టలు తియ్యి."

పక్క గదిలో పిన్నికి మెలకువ ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. "నాకు తెలుసు, నాకు తెలుసు, అక్క వెళ్తుందని నాకు తెలుసు," అనుకుంటూ వచ్చింది. కొత్త చెప్పులు మూల పడేసి, కోడలి పాత చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. "ముందు వరసలో కాళ్ళెవరు చూస్తారులే."

వాళ్ళిద్దరినీ నడిచి ముందు వెళ్ళమంది టీచరమ్మ. తాను బెల్లు కారులో వస్తానంది.

"హాల్లోకి నేరుగా వస్తారుగా అత్తయ్యా?"

"దారిలో చిన్న పనుంది."

కోడలికి ఆ పనేమిటో తెలుసు. తాను ఇన్నేళ్ళు కాపాడినది ఒక్క మధ్యాహ్నం చెయ్యి జారిపోయిందా అని గుమ్మంలో ఒక క్షణం ఆగింది. తర్వాత పిన్ని చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

*

ఆదివారం కాబట్టి ఆ వీధిలో కొట్లు మూసి ఉన్నాయి. మందుల కొట్టు ఒక్కటే తెరిచి ఉంది. కళ్ళజోళ్ళ కొట్టు షట్టరు మోకాలెత్తు వరకు దించి ఉంది. బెల్లు కారు ఆపాడు. నాలుగూ నలభై.

"వాణ్ణి పిలవనా టీచరమ్మా?"

"వద్దు. నువ్వు మాట్లాడకు."

ఆమె షట్టరు దగ్గరికి వెళ్ళి నిలబడింది. లోపల్నుంచి మిషను శబ్దం. ఒకటే స్థాయి, ఎక్కకుండా తగ్గకుండా. దాని మీద ఒక గొంతు.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె ఏ గొంతునీ ఇంత దూరం నుంచి వినలేదు. ఎప్పుడూ చెవి నోటికి బెత్తెడు దూరంలో పెట్టి వినడమే. అంత దగ్గర్నుంచి తప్పు ఒక్కటే వినిపిస్తుంది. ఇప్పుడు మధ్యలో ఇనప రేకుంది.

మొదటి చరణం అయింది. రెండోది ఎత్తుకున్నాడు. తప్పు వస్తుందని ఆమె ఎదురుచూసింది. అది అలవాటు. రాలేదు.

బెల్లు ఆమె మొహం చూసి, తన వాచీ చూసుకుని, మళ్ళీ ఆమె మొహం చూశాడు.

మిషను ఆగింది. పాటా ఆగింది.

"ఎవరండీ అక్కడ? కొట్టు మూసేశాం. రేపు రండి."

షట్టరు కింద నుంచి అతనికి కనిపిస్తున్నవి పాదాలే.

"నేనురా."

లోపల ఏదో కింద పడిన చప్పుడు. షట్టరు పైకి లేచింది. అతని చొక్కా చేతుల మీద గాజుపొడి తెల్లగా ఉంది.

"హాలుకి వెళ్ళలేదా?"

"వెళతాను. ముందు నువ్వు పాడు. వింటాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. పాడమంటున్నది అమ్మ కాదు, టీచరు. తట్టినవాళ్ళని మళ్ళీ విననని అన్నాను. అది తప్పు. పాడు."

అతను వీధి వైపు చూశాడు. బెల్లు మర్యాదగా తల తిప్పుకున్నాడు. కళ్ళ పరీక్షకి వచ్చేవాళ్ళు కూర్చునే ఎత్తు కుర్చీ ఉంది. టీచరమ్మ దాని మీద కూర్చుంది. ఎదురు గోడ మీద పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా పలక వేలాడుతోంది. అతను దాని ముందు, బడిపిల్లవాడిలా చేతులు కిందికి వదిలి నిలబడ్డాడు.

మొదటి పంక్తి బాగానే వచ్చింది. రెండో పంక్తి మధ్యలో గొంతు జారింది. వెంట్రుకవాసి. మరొకరైతే పట్టుకోలేరు. మూడో పంక్తికి ఇంకా జారింది.

టీచరమ్మ కుడి చెయ్యి ఒళ్ళోంచి లేచింది. ఆమె లేపలేదు, అది లేచింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించుకుంది.

అతను అది చూశాడు. పాట ఆపాడు.

"గొంతు పడింది కదా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. తల్లి కాబట్టి చెప్పినా దోషం లేదు. ఆమెకి చేతకాలేదు.

"పడింది."

"అయితే అప్పుడు సరిగ్గానే తట్టావు." అతని గొంతులో కోపం లేదు. ఇన్నాళ్ళ అనుమానం తీరిపోయినట్టు ఉంది. "పోనీలే. తెలిసింది. పద, ఆలస్యమవుతోంది నీకు."

టీచరమ్మ కదల్లేదు. ఆమె వెనక గది వైపు చూస్తోంది.

"ఆ మిషను వెయ్యి."

"ఎందుకు?"

"వెయ్యమన్నానా."

అతను లోపలికి వెళ్ళి మీట నొక్కాడు. ఉత్త చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆ మోత కుదురుకునే దాకా ఆమె వేలెత్తి ఆపి ఉంచింది. తర్వాత వేలు దించింది.

అతను పాడాడు. రెండో పంక్తి నిలిచింది. మూడోది నిలిచింది. మొదటి చరణమంతా, గోడకి చెయ్యి ఆనించి నడిచేవాడిలా, ఎక్కడా తూలకుండా వెళ్ళాడు.

చరణం అయింది. అతనే అడిగాడు.

"ఏమయింది?"

"ఆ మోతే నీకు శ్రుతి అయింది. పొద్దున పాట ఆరుబయట పాడించేదాన్ని," అంది టీచరమ్మ. "మంచుకి పాడవుతుందని హార్మోనియం బయటికి తేనివ్వలేదు. గదిలో పెట్టి తాళం వేసేదాన్ని. నాకు శ్రుతి చెవిలోనే ఉంటుంది, నాకు అక్కర్లేదు. నాకు అక్కర్లేనిది పిల్లలకీ అక్కర్లేదనుకున్నాను. ఆనుకోవడానికి ఏమీ ఇవ్వకుండా నిలబడమన్నాను. నిలబడనివాళ్ళని తట్టాను."

"అది నిజమే టీచరమ్మా," అన్నాడు గుమ్మంలోంచి బెల్లు, మాట్లాడొద్దన్న సంగతి మరిచిపోయి. "దానికి దుప్పటి కూడా కప్పేవారు. మాకు జ్వరమొచ్చినా కప్పేవాళ్ళు కాదు."

ఈసారి టీచరమ్మ కొడుకు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఎంతమంది ఉంటారు?" అంది.

ఇద్దరికీ తెలియదు. ఆమెకీ తెలియదు. కప్పు గెలిచిన సంవత్సరాలు ఆమె దగ్గర వరసగా రాసి ఉన్నాయి. తట్టిన పేర్లు ఎక్కడా రాసుకోలేదు. రాసుకుంటే పిల్లలకి తెలిసిపోతుందని.

బెల్లు జేబులో ఫోను మోగింది. తీసి విని, చేత్తో మూసి చెప్పాడు.

"చెల్లెమ్మ, హాలు నుంచి. అయిదయిందట. మీరొస్తారని అందరూ లేచి నిలబడ్డారట." కాస్త ఆగాడు. "ఇంకో మాట కూడా చెబుతోంది. ఎవరూ చెప్పకుండానే అందరూ పాత వరసల్లోకి వెళ్ళిపోయారట. జుట్లు నెరిసినవాళ్ళు కూడా ఎవరి చోటు వాళ్ళు వెతుక్కుని నిలబడ్డారట. హాలు నిండా ఉన్నారు, వెనక సగం నుంచి మాత్రం గుసగుస కూడా లేదు అంటోంది."

టీచరమ్మ కుర్చీ దిగింది. కొడుకు చొక్కా చేతి మీది గాజుపొడి దులపబోయి, అది గుచ్చుకుంటుందని గుర్తొచ్చి ఆగింది.

"నువ్వూ రా."

"వస్తాను." అతను మిషను వైపు చూశాడు, ఆపలేదు. "వచ్చి ఏ వరసలో నిలబడనమ్మా?"

అతను ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగాడు. హాలులో పాత చోటు ఖాళీగానే ఉంటుంది. అక్కడ నిలబడితే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. ఇంకెక్కడ నిలబడ్డా తెలియదు.

టీచరమ్మ చెయ్యి చాపింది. బెల్లు ఫోను ఇచ్చాడు. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. అటువైపు మూడొందల మంది ఊపిరి బిగబట్టి నిలబడిన నిశ్శబ్దం, ఇటువైపు ఉత్త చక్రం మోత.

"అత్తయ్యా, మీరేనా?" అంది కోడలు. "ఎవరూ కూర్చోవడం లేదు. ఏం చెప్పమంటారు?"

టీచరమ్మ ఫోను చెవికి ఆనించుకునే, కొడుకు మొహం చూస్తూ నిలబడింది.

"అత్తయ్యా," అని కోడలు రెండోసారి పిలిచింది.